నిఘా అవసరాలకు పనికొచ్చే రిస్కు పరిశోధన: అనంతపురం కాలేజీ నుంచి నిధులు ఎక్కడ, ఎలా అడగాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినవారు అనంతపురంలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ అసిస్టెంట్ ప్రొఫెసర్. అమెరికాలో ఐయార్పా అనే సంస్థ నిఘా విభాగాల కోసం, ఫలిస్తుందో లేదో తెలియని పరిశోధనకు డబ్బిస్తుందని చదివారు. అలాంటిది మన దగ్గర ఉందా అని అడుగుతున్నారు. రొదలో, సీమ యాసలో సాగే ఫోను సంభాషణల్లోంచి కావలసిన పదాన్ని పట్టుకునే పని తలపెట్టారు. ప్రపోజల్ ఎక్కడ పెట్టాలి, ఇలాంటివి ఎందుకు తిప్పి పంపుతారు అన్నది మిగతా ప్రశ్న.

సూటిగా జవాబు: ఐయార్పాకు సరిజోడు మన దగ్గర లేదు. నిఘా అవసరమని పైకి చెప్పి, బహిరంగ ప్రకటన ఇచ్చి, కాలేజీల నుంచి క్రమం తప్పకుండా ప్రపోజళ్లు పిలిచి గ్రాంట్లిచ్చే సంస్థ నాకు తెలిసి ఇక్కడ లేదు. 2004లో ఏర్పడిన ఎన్టీఆర్వో సాంకేతిక నిఘా చూస్తుంది గానీ అది మీరు గ్రాంటు ఫారం నింపి పంపే చోటు కాదు. మీ పని ఇప్పుడున్న దశకు రెండు దారులున్నాయి. మొదటిది పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్ఆర్ఎఫ్, రెండోది డీఆర్డీవో బయటి సంస్థలకు ఇచ్చే ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంట్లు. చేతిలో పనిచేసే ప్రోటోటైప్ ఉన్నాక రక్షణ రంగ స్టార్టప్‌ల పథకం ఐడెక్స్, డీఆర్డీవో వారి టెక్నాలజీ అభివృద్ధి నిధి టీడీఎఫ్ సంగతి చూడొచ్చు. ఇక తిప్పి పంపడం అంటారా, రిస్కు ఎక్కువని వెనక్కొచ్చే ప్రపోజళ్లు తక్కువే. ఏది సాధిస్తే గెలిచినట్టో, ఎక్కడ ఆగిపోవాలో అంకెల్లో చెప్పనందుకు వెనక్కొచ్చేవే ఎక్కువ.

ముందు ఐయార్పా ఎలా పనిచేస్తుందో చూడండి. మీ ప్రపోజల్ రాసే పద్ధతి అక్కడి నుంచే తెచ్చుకోవాలి.

అది అమెరికా జాతీయ నిఘా డైరెక్టర్ కార్యాలయం కింద ఉంటుంది. 2008లో లీసా పోర్టర్ మొదటి డైరెక్టరయ్యారు. సొంత ల్యాబులు లేవు. ప్రోగ్రామ్ మేనేజర్లు మూడు నుంచి ఐదేళ్ల కోసం బయటి నుంచి వస్తారు, గడువు కాగానే వెళ్లిపోతారు. ఒక్కో మేనేజర్ ఒక్కో సమస్య పట్టుకొని ప్రోగ్రామ్ కడతాడు. ఒకే సమస్యకు నాలుగైదు జట్లకు డబ్బిస్తారు, జట్లన్నిటికీ ఒకే డేటా, ఒకే పరీక్ష. పరీక్ష పెట్టేది జట్లకు సంబంధం లేని మూడో పక్షం. ప్రోగ్రామ్‌ను దశలుగా విడగొట్టి, దశ చివర అంకె అందుకోని జట్టును పక్కన పెడతారు. ఇంకా ప్రోగ్రామ్ స్థాయికి రాని ఆలోచనలకు తొమ్మిది నెలలో ఏడాదో నడిచే చిన్న విత్తన గ్రాంట్లు వేరే ఉంటాయి. నిఘా సంస్థ కదా, అంతా గుట్టుగా సాగుతుందనుకుంటారు గానీ వాళ్లు డబ్బిచ్చిన పరిశోధనలో చాలా భాగం మామూలు జర్నళ్లలో, సదస్సుల్లో అచ్చవుతూనే ఉంటుంది.

దశల మధ్య కోత ఎంత కచ్చితంగా ఉంటుందో చెప్పడానికి ఏస్ అనే ప్రోగ్రామ్ చాలు. ప్రపంచ రాజకీయ పరిణామాలను ముందుగా అంచనా వేయడం దాని పని. 2011 నుంచి నాలుగేళ్లు పోటీ నడిచింది. లక్ష్యం ఇలా పెట్టారు: మామూలు జనం అంచనాల సగటుతో పోలిస్తే మొదటి ఏడాది 20 శాతం, నాలుగో ఏడాదికి 50 శాతం మెరుగ్గా ఉండాలి. కొలత బ్రయర్ స్కోరు, అంటే మీరు చెప్పిన సంభావ్యతకూ జరిగినదానికీ ఉన్న తేడా వర్గం. 80 శాతం జరుగుతుందన్నారు, జరిగింది, 0.2 వర్గం 0.04. జరగలేదు, 0.8 వర్గం 0.64. గట్టిగా చెప్పి తప్పినవాడికి పెద్ద దెబ్బ. ఫిలిప్ టెట్‌లాక్, బార్బరా మెల్లర్స్ జట్టు రెండేళ్లకే మిగతావాళ్లను బాగా దాటేసింది. దాంతో మిగిలిన జట్లకు నిధులు ఆపేశారు. వాళ్లలోనూ పేరున్న విశ్వవిద్యాలయాలవాళ్లున్నారు, అయినా మొహమాటపడలేదు.

మీకు నేరుగా పనికొచ్చేది బేబెల్ ప్రోగ్రామ్. 2012 ప్రాంతంలో మొదలైంది. తక్కువ డేటా ఉన్న భాషల్లో, టెలిఫోను మాటల్లోంచి కీవర్డులు వెతకడమే దాని పని, అంటే సరిగ్గా మీరు తలపెట్టిందే. అందులో మన తెలుగు కూడా ఒక భాష. 2013, 2014లో సేకరించిన సుమారు 200 గంటల తెలుగు టెలిఫోను మాటలు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని లింగ్విస్టిక్ డేటా కన్సార్టియం దగ్గర ఉన్నాయి, రుసుము కట్టి తెచ్చుకోవచ్చు. తెలుగు టెలిఫోను మాటల మీద ప్రపోజల్ రాస్తూ బేబెల్ పేరెత్తకపోతే ఈ రంగం తెలిసిన రివ్యూయర్ రెండో పేజీ తిప్పడు.

బేబెల్‌లో రెండు విషయాలు గమనించండి. ఒకటి, శిక్షణ డేటాను కావాలని తగ్గించారు. పూర్తి డేటా ప్యాక్‌తో ఒక పరీక్ష పెట్టారు. పది గంటల రాతప్రతితో, అంటే ఆడియో విని రాసిన మాటలతో, ఇంకో పరీక్ష, తర్వాతి దశల్లో మూడు గంటలతో మరొకటి. రెండోది, ప్రతి దశ చివరా జట్లకు ముందుగా తెలియని కొత్త భాష ఇచ్చి కొద్ది వారాల్లో సిస్టమ్ కట్టమన్నారు. మొదటి దశలో వియత్నామీస్, రెండో దశలో తమిళం, మూడో దశలో స్వాహిలీ ఇచ్చారు. రిస్కంతా ఆ గడువులో ఉంది. ఏళ్ల తరబడి ఇంగ్లీషు మీద పట్టు సాధించిన జట్టు, తెలియని భాషలో నెల లోపల నిలబడగలదా అన్నది ప్రశ్న.

ఇక కొలత. ఈ భాగం నిదానంగా చదవండి, ప్రపోజల్ బలం ఇక్కడే తేలుతుంది.

కీవర్డ్ సెర్చ్‌కు పదదోష శాతం ఒక్కటే చూపితే చాలదు. బేబెల్ వాడింది ఏటీడబ్ల్యూవీ అనే స్కోరు. ఒక్కో కీవర్డ్‌కు 1 అనే అంకె లోంచి రెండు విలువలు తీసేస్తారు. ఒకటి, పట్టుకోలేకపోయిన వాటి నిష్పత్తి. రెండోది, తప్పు హెచ్చరికల నిష్పత్తిని 999.9తో గుణించగా వచ్చేది. తప్పు హెచ్చరికల నిష్పత్తికి హారం ఆడియో సెకన్లు, అందులోంచి ఆ పదం నిజంగా వచ్చిన సార్లు తీసేయాలి. అన్ని కీవర్డులకూ సగటు కట్టాలి. పరీక్ష ఆడియోలో ఒక్కసారీ రాని పదాన్ని లెక్కలోకి తీసుకోరు. బేబెల్ మొదటి దశ లక్ష్యం 0.30. చూడ్డానికి చిన్న అంకె, అందుకోవడం తేలిక కాలేదు.

ఇందులో చాలామంది పడే గుంట ఒకటుంది. పరీక్ష ఆడియో పది గంటలనుకోండి, అంటే 36,000 సెకన్లు. ఒక్క తప్పు హెచ్చరికకు ఆ కీవర్డ్ మీద పడే కోత 999.9ని 36,000తో భాగిస్తే సుమారు 0.028. ఐదుసార్లు వచ్చిన పదాన్ని ఒకసారి జారవిడిస్తే కోత 0.2. కాబట్టి అరుదైన పదానికి ఏడు తప్పు హెచ్చరికలొచ్చినా ఒక్కటి పట్టుకుంటే లాభమే. వందసార్లు వచ్చిన పదానికి ఒక్కటి జారితే కోత 0.01 మాత్రమే, అక్కడ తప్పు హెచ్చరికే మూడింతలు ఖరీదు. అందుకే అన్ని కీవర్డులకూ ఒకే కటాఫ్ పెడితే స్కోరు పడిపోతుంది, పదానికో కటాఫ్ ఉండాలి. ఇప్పుడు పరీక్ష ఆడియో ఐదు గంటలకు తగ్గించండి. ఒక్కో తప్పు హెచ్చరిక ఖరీదు 0.056కు పెరుగుతుంది. తప్పు హెచ్చరికల సంఖ్య కూడా తగ్గుతుంది గానీ, లెక్కలోకి వచ్చే కీవర్డులు మారిపోతాయి, సిస్టమ్ అదే అయినా స్కోరు మారొచ్చు. ఐదు గంటల మీద వచ్చిన మీ అంకెను పది గంటల మీద వచ్చిన వేరొకరి అంకె పక్కన పెట్టి పట్టిక వేస్తే తెలిసినవాడు పట్టేసుకుంటాడు. ఫోనులో రెండు పక్కలా విడివిడిగా రికార్డు చేసి విడివిడిగా స్కోరు కడితే ఐదు గంటల సంభాషణే పది గంటలవుతుంది. ఏ పద్ధతి వాడారో ఒక వాక్యం రాయండి.

మీ పనికి సరిపడే డేటా ప్లాన్. మూడేళ్ల చిన్న ప్రాజెక్టుకు ఇరవై గంటల సంభాషణ చాలు. 60 జంటలు, జంటకు 20 నిమిషాలు. అందులో 39 జంటలు శిక్షణకు, 6 సరిచూపుకు, 15 పరీక్షకు. అంటే 13, 2, 5 గంటలు. శిక్షణలో ఉన్న మనిషి గొంతు పరీక్షలో వినపడకూడదు, మారు పేరుతో కూడా. 13 గంటల్లో పది తీసుకొని ఒకసారి, మూడే తీసుకొని ఒకసారి శిక్షణ ఇస్తే బేబెల్ షరతులకు దగ్గరగా ఉంటుంది, పోల్చుకోవడానికి వీలవుతుంది.

మనుషులను కాలేజీ పిల్లల్లోంచే ఏరుకుంటే పని చెడుతుంది. వాళ్లు మైకు ముందు టీవీ భాష మాట్లాడతారు. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం కలుస్తుంది. కర్నూలు పాతబస్తీలో ఉర్దూ కలుస్తుంది. ప్రొద్దుటూరు, పులివెందుల మాట తీరు ఇంకొకటి. ఆదోని, నంద్యాల, తాడిపత్రి, కదిరి, రాజంపేట ఒక్కో చోట కొన్ని జంటలు ఉండేలా, వయసు, ఆడ, మగ తూకం చూసుకొని పట్టిక వేయండి. ఇద్దరూ ఒకరికొకరు తెలిసినవాళ్లై ఉండాలి. తెలియనివాళ్లతో ఎవరూ ‘యాడికి పోతాండావ్’ అనరు, ‘ఎక్కడికి వెళ్తున్నారు’ అంటారు.

కీవర్డుల జాబితా 300 అనుకోండి. అందులో మూడోవంతు శిక్షణలో ఒక్కసారీ రాని పదాలు ఉండాలి. తెలుగుకు అసలు చిక్కు అక్కడే ఉంది. ప్రత్యయాలు అతుక్కుంటూ పోతాయి గనక, పది గంటల రాతప్రతిలో ‘వస్తాండా’ ఉంటే ‘వస్తాండాడంట’ ఉండదు. పూర్తి పదాల నిఘంటువు మీద కట్టిన సిస్టమ్ ఇక్కడే కూలబడుతుంది. అక్షరాలుగానో, పద ముక్కలుగానో వెతికే పద్ధతి పక్కన ఉంచుకోవాలి. అర్థం వైపు నుంచీ చూడండి. మన దగ్గర డబ్బును దుడ్లు అంటారు, లెక్క అంటారు. ‘లెక్క’ అనే కీవర్డ్ పెడితే ట్యూషన్ మాస్టారి మాటలూ వచ్చి పడతాయి. అలాంటి పదాలను తీసేయకుండా విడిగా స్కోరు చూపండి.

రాతప్రతికి ఎంత పని పడుతుందో చాలామంది తక్కువగా వేస్తారు. గంట ఫోను సంభాషణ రాయడానికి చేయి తిరిగినవాళ్లకే 25 గంటలు పడుతుంది. ఇరవై గంటలకు 500 గంటల పని. రెండో మనిషి సరిచూడ్డానికి గంటకు ఎనిమిది చొప్పున ఇంకో 160. మొత్తం 660 గంటలు, గంటకు 200 రూపాయలిస్తే లక్షా 32 వేలు. రాసేముందే రెండు పేజీల నియమావళి తయారుచేయండి. ‘ల్యా’ అంటే ‘ల్యా’ అనే రాయాలా, ‘లేదు’ అని దిద్దాలా? నా సలహా: విన్నది విన్నట్టు ఒక వరుసలో, ప్రామాణిక రూపం రెండో వరుసలో. ఇది తేల్చకుండా మొదలుపెడితే ఇద్దరు రాసేవాళ్లు రెండు రకాలుగా రాస్తారు, సిస్టమ్ తప్పులకూ రాతప్రతి తప్పులకూ తేడా తెలియదు.

రొద సంగతి. బస్టాండు శబ్దం విడిగా రికార్డు చేసి శుభ్రమైన మాటల మీద కలిపి, మాట రొద కంటే 20, 10, 5, 0 డెసిబెళ్లు ఎక్కువగా ఉన్న చోట ఫలితాలు చూపడం మామూలే, చేయండి. కానీ అదొక్కటే చేస్తే సరిపోదు. రొదలో మనిషి గొంతు పెంచుతాడు, అచ్చులు సాగదీస్తాడు, స్వరస్థాయి మారుతుంది. దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. శుభ్రంగా మాట్లాడిన మాటకు తర్వాత కలిపిన రొదలో ఇది ఉండదు. కాబట్టి పరీక్షలోని 15 జంటల్లో కనీసం ఐదు జంటలు నిజంగా రోడ్డు మీదో, బస్టాండులోనో నిలబడి మాట్లాడాలి. ఇంకో మాట, పాత సెల్ కాల్ 8 కిలోహెర్ట్జ్, వోల్టీ కాల్ 16, వాట్సాప్ కాల్ వేరే కోడెక్. చదివించి రికార్డు చేసిన 16 కిలోహెర్ట్జ్ డేటా మీద తయారైన మోడల్ 8 మీదికి రాగానే నీరసపడుతుంది. ఏ రకం కాలో మెటాడేటాలో తప్పకుండా రాసుకోండి.

బేస్‌లైన్, అంటే ఇప్పుడున్న సిస్టమ్‌లకు వచ్చే అంకె, లేకుండా ప్రపోజల్ పంపకండి. మాటను రాతగా మార్చే ఓపెన్‌ఏఐ మోడల్ విస్పర్, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ మోడళ్లు, పాత పద్ధతిలో కాల్డీ, ఈ మూడిటినీ ఓ గంట సొంత ఆడియో మీద నడిపి వచ్చిన అంకెలు పెట్టండి. ఇక్కడ విస్పర్ గురించి హెచ్చరిక: నిశ్శబ్దంలో, రొదలో అది ఎవరూ అనని మాటలు పుట్టిస్తుంది. సినిమా సబ్‌టైటిళ్లకు అదొక చికాకు, అంతే. నిఘా పనిలో అది ఎవరి మీదో పడే తప్పు హెచ్చరిక. అనని మాటను అన్నాడని చూపే సిస్టమ్‌కు ఎంత తెలివి ఉన్నా ఈ పనికి ఒద్దు. పట్టుకున్న ప్రతి పదానికీ నమ్మదగిన స్కోరు, అది వచ్చిన సరైన సమయం ఇచ్చే పద్ధతి ఎందుకు ఎంచుకున్నారో మీ ప్రపోజల్లో ఒక పేరా రాయండి.

ఇక నిధులకున్న దారుల సంగతి, ఒక్కోటి.

ఏఎన్ఆర్ఎఫ్ చట్టం 2023లో వచ్చింది, 2024 ఫిబ్రవరి 5 నుంచి అమల్లో ఉంది, అంతకుముందు పరిశోధన గ్రాంట్లిచ్చిన సెర్బ్ అందులో కలిసిపోయింది. సెర్బ్ కాలంలో సుప్రా, హై రిస్క్ హై రివార్డ్ అనే పథకాలు ఉండేవి. ఇప్పుడు మీరు చూడాల్సింది ఆ సంస్థ ప్రకటించే తాజా పిలుపులు. ఉద్యోగంలో కొత్తగా చేరినవారైతే పీఎం ఎర్లీ కెరీర్ గ్రాంటు, లేదా అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ గ్రాంటు. ఇక్కడ నిఘా అనే మాటను పట్టుకొని వేలాడకండి. ‘తక్కువ డేటా మాండలికాల్లో కీవర్డ్ సెర్చ్’ అన్నది శాస్త్రీయ సమస్యగా నిలబడాలి. ఫలితాలు అచ్చు వేసుకోవచ్చు, పీహెచ్‌డీ పిల్లలకు ఇబ్బంది ఉండదు. మొదటి అడుగుకు నా మొగ్గు దీనికే.

డీఆర్డీవో ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంట్లు రెండో దారి. ఇక్కడ ప్రపోజల్ కంటే ముందు, ఆ సమస్య తనకు అవసరమని చెప్పే ల్యాబు శాస్త్రవేత్త కావాలి. అలాంటివారు లేకుండా పోస్టులో పంపిన ప్రపోజల్ చాలాసార్లు అక్కడే పడుంటుంది. ఒప్పందంలో మేధోహక్కులు, అచ్చుకు ముందు అనుమతి అనే రెండు పేరాలు తప్పక చదవండి. డీఆర్డీవో, ఎన్టీఆర్వో రెండూ సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో ఉన్నాయి. మామూలుగా ఆర్టీఐ వేసి రివ్యూ నోట్సు తెప్పించుకుందాం అనుకుంటే కుదరదు.

కర్నూలు వైపు నుంచి తరచూ ఒక ప్రశ్న వస్తుంది, ఓర్వకల్లు దగ్గర డీఆర్డీవో రేంజ్ ఉంది కదా, అక్కడ అడిగితే పోదా అని. అది పరీక్షల మైదానం. 2025 ఏప్రిల్ 13న 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని ప్రదర్శించింది అక్కడే. ఆ లేజర్‌ను రూపొందించింది హైదరాబాదు ల్యాబు, రేంజ్‌లో గ్రాంట్ల కౌంటరు లేదు.

ఐడెక్స్ 2018లో మొదలైంది. డిస్క్ సవాళ్లలో కోటిన్నర వరకు, ప్రైమ్‌లో పది కోట్ల వరకు, 2024లో వచ్చిన అదితిలో 25 కోట్ల వరకు ఇస్తారు. ఇది ప్రధానంగా స్టార్టప్‌లకు, ఎంఎస్ఎంఈలకు. వాళ్లిచ్చేదానికి సమానంగా మీ వైపు నుంచీ పెట్టాలి. సైన్యం అడిగిన సవాలుకు వస్తువు చూపాలి, పేపర్ చూపితే చాలదు. టీడీఎఫ్‌లో గరిష్ఠ పరిమితిని 2022లో పది కోట్ల నుంచి 50 కోట్లకు పెంచారు. ఖర్చులో 90 శాతం వరకు ఇస్తారు. కానీ అర్జీ పెట్టేది కంపెనీ, కాలేజీ వాటా మొత్తం పనిలో 40 శాతం దాటకూడదు. టెక్నాలజీ సంసిద్ధత (ఆలోచన నుంచి వాడుక దాకా ఒకటి నుంచి తొమ్మిది మెట్ల కొలత) మూడో మెట్టు మీదైనా ఉండాలి. 2025 జులైలో కేబినెట్ ఆమోదించిన లక్ష కోట్ల ఆర్డీఐ (పరిశోధన, అభివృద్ధి, నవకల్పన) నిధి గురించి కూడా అడుగుతుంటారు. అది నాలుగో మెట్టు పైన ఉన్నవాటికి, ఎక్కువగా దీర్ఘకాలిక తక్కువ వడ్డీ అప్పుల రూపంలో. మీరు ఇప్పుడు ఒకటో రెండో మెట్టు మీద ఉన్నారు, దాని జోలికి పోవద్దు.

చూశారుగా, పై మెట్ల మీద డబ్బు బాగానే కనిపిస్తుంది. ఒకటి నుంచి మూడు వరకు, ఫలిస్తుందో లేదో తెలియని దగ్గరే పలచన. ఐయార్పా ఖర్చుపెట్టేది సరిగ్గా ఆ పలచనైన చోటే. మన విధానంలో నాకు కనిపించే అసలు లోటు ఇదే.

ప్రపోజల్లో ఏముండాలి. అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పాను 1975 నుంచి 1977 వరకు నడిపిన జార్జ్ హైల్‌మైయర్ వేసిన ప్రశ్నలు ఇప్పటికీ ఐయార్పా, డార్పాల్లో వాడుకలో ఉన్నాయి. పరిభాష లేకుండా ఏం చేయబోతున్నారు? ఈరోజు ఎలా చేస్తున్నారు, అందులో లోపమేంటి? మీ పద్ధతిలో కొత్త ఏంటి? అయితే ఎవరికి లాభం? రిస్కులేంటి? ఖర్చెంత, కాలమెంత? మధ్యలో, చివర పరీక్ష ఏంటి? మొదటి రెండు పేజీల్లో వీటికి జవాబు వరుసగా రాసేస్తే మిగతాది దానంతట అదే కుదురుకుంటుంది.

‘రిస్కు’ శీర్షిక కింద ‘ఏమీ లేదు’ అని రాసేవాళ్లు ఎక్కువ. రిస్కు లేకపోతే పరిశోధన గ్రాంటు ఎందుకు, టెండరు పిలిచి కొనుక్కోవచ్చు. మీ విషయంలో ఇలా రాయొచ్చు. ఆరు నెలలకు ఇరవై గంటల డేటా పూర్తి, మూడు బేస్‌లైన్ల స్కోర్లు. పద్దెనిమిది నెలలకు పది గంటల శిక్షణతో ఏటీడబ్ల్యూవీ 0.30. అది 0.20 కూడా దాటకపోతే పద ముక్కల పద్ధతి వదిలి, ఉదాహరణ ఆడియోతో నేరుగా వెతికే పద్ధతికి మారతాం. ముప్పై నెలలకు మూడు గంటల శిక్షణతో అదే 0.30. అందకపోతే మిగిలిన డబ్బు తిరిగి ఇచ్చేస్తాం. ఈ ఆఖరి వాక్యం రాయడానికి చెయ్యి రాదు, కానీ రివ్యూ కమిటీలో బాగా పనిచేసేది అదే. పరీక్ష ఆడియోను మీ దగ్గర పెట్టుకోకండి. కర్నూలు ట్రిపుల్ఐటీడీఎంలోనో, వేరే విశ్వవిద్యాలయంలోనో తెలిసిన అధ్యాపకుడికి ఇచ్చి, ఆయన చేతే స్కోరు కట్టిస్తామని ఉత్తరం జతచేయండి. బేబెల్ పద్ధతి ఇక్కడ ఖర్చు లేకుండా దొరికే చోటు ఇదొక్కటే.

బడ్జెట్‌లో తప్పులు ఒకే అచ్చులో వస్తాయి. ముప్పై లక్షల సర్వర్ మొదటి ఏడాదే అడుగుతారు, రాతప్రతికి ఒక్క రూపాయీ పెట్టరు. ఈ పనికి 24 జీబీ మెమరీ ఉన్న ఒక కార్డుతో వర్క్‌స్టేషన్ చాలు, పెద్ద శిక్షణ కావాలంటే గంటల లెక్కన అద్దెకు తీసుకోవచ్చు. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు (జేఆర్ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000, సీనియర్‌కు (ఎస్ఆర్ఎఫ్) 42,000. రెండేళ్లు ఒకటి, ఏడాది ఇంకొకటి అనుకుంటే 13 లక్షల 92 వేలు, ఇంటద్దె భత్యం అదనం. ఇంకో చిక్కు, గేట్ వచ్చిన పిల్లాడు ఏడాది తిరక్కుండా బెంగళూరు ఉద్యోగానికి పోతాడు. అనంతపురానికి బెంగళూరు దగ్గర కావడం ఇందులో మనకు శాపం. కోడ్, నియమావళి, డేటా పట్టికలు మొదటి రోజు నుంచీ కాలేజీ సర్వర్‌లో ఉండాలి, పిల్లాడి ల్యాప్‌టాప్‌లో కాదు.

రెండో విడత ఆగిపోవడానికి పరిశోధన కారణం కావడం అరుదు. డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం (యూసీ) సమయానికి వెళ్లదు, లేదా గ్రాంటు మీద వచ్చిన వడ్డీ తిరిగి కట్టరు, లేదా పరికరాల పద్దు నుంచి ప్రయాణాల పద్దుకు అనుమతి లేకుండా మారుస్తారు. మార్చి 31 లెక్కలు ఏప్రిల్లోనే అకౌంట్స్ వాళ్ల దగ్గర కూర్చొని తేల్చుకోండి. ఆడిటర్ సంతకం కోసం ఆగస్టు వరకు ఎదురుచూస్తే జేఆర్ఎఫ్ జీతం ఆగుతుంది, పిల్లాడు పోతాడు, పని ఆగుతుంది.

చట్టం వైపు. అసలైన ట్యాపింగ్ కాల్స్ ఇప్పించమని పోలీసులను అడిగే ఆలోచన ఉంటే మానుకోండి. వినే అధికారం చట్టప్రకారం ఉత్తర్వులు పొందిన సంస్థలదే, ఆ ఆడియో కాలేజీకి రాకూడదు. మీరు రికార్డు చేసే కాల్స్‌లో ఇద్దరి సమ్మతీ రాతపూర్వకంగా, తెలుగులో ఉండాలి. ఒక పక్కవాడి సంతకం సరిపోదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో పరిశోధనకు కొంత మినహాయింపు ఉంది, కానీ ఆ డేటాతో ఎవరో ఒక వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోనంత వరకే. సమ్మతి పత్రంలో ‘ఈ ఆడియోతో కట్టిన పద్ధతిని ప్రభుత్వ భద్రతా సంస్థలు వాడే అవకాశం ఉంది’ అని తేటగా రాయండి. దాచి రాయించుకున్న సమ్మతి తర్వాత నిలవదు. మాటల్లో దొర్లిన పేర్లు, ఫోను నంబర్లు బీప్‌తో కప్పేయండి, రాతప్రతిలో గుర్తు పెట్టండి.

ఇక ఐయార్పాకే నేరుగా పంపొచ్చా అన్నారు. వాళ్ల ప్రకటనల్లో విదేశీ సంస్థలకు భాగస్వామ్యం సాధారణంగా షరతుల మీద ఉంటుంది. అక్కడి ఎగుమతి, భద్రతా నిబంధనలకు లోబడాలి. ఆచరణలో ఒక అమెరికా విశ్వవిద్యాలయం జట్టులో ఉపభాగస్వామిగా చేరాల్సిందే. ఇటు మన వైపు విదేశీ ప్రభుత్వ డబ్బు అనగానే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తిస్తుందా అన్న ప్రశ్న వస్తుంది. ఫోను మాటలను అడ్డగించే సాంకేతికత ఎగుమతి నియంత్రణ జాబితా స్కోమెట్ పరిధిలోకి వస్తే ఎగుమతి అనుమతి కావాలి. వేరే దేశపు నిఘా విభాగానికి మన జనం మాటలు ఇచ్చారన్న మాట కూడా పడొచ్చు. రిజిస్ట్రార్ ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క ఈమెయిల్ కూడా పంపకండి. ఈ దశలో మీకు దానివల్ల ఒరిగేదీ లేదు. బేబెల్ డేటా రుసుము కట్టి తెప్పించుకోండి, మెటాడేటాలో మన సీమ గొంతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ ఖాళీ ఎంత పెద్దదో మీ ప్రపోజల్ మొదటి పేరాలో చూపండి.